ఆర్‌డీ 350కి కొత్త వీఎం28 కార్బ్‌ల జత: విశాఖ ఉప్పుగాలిలో ఆరేళ్ల వాడకం

రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ బండి రాజ్‌దూత్ 350కి (ఆర్‌డీ 350 అనేది దీన్నే) కొత్త మికునీ వీఎం28 కార్బ్‌లు (కార్బ్యురేటర్లు) జతగా వేసి ఆరేళ్లు దాటింది. మీటరు పద్నాలుగు వేల కి.మీ. తిరిగింది. రోజూ హనుమంతవాక సిగ్నళ్లు, ఆదివారం భీమిలి బీచ్ రోడ్డు, చలికాలం వస్తే అరకు ఘాట్. కార్బ్‌ల మీద ఫిర్యాదు లేదు. ఉన్నదంతా పెట్రోలు మీద, ఉప్పుగాలి మీద, పాత రబ్బర్ల మీద.

పాతవి ఎందుకు మార్చాలంటే, ఈ బళ్లు ఇక్కడ 1983లో మొదలైనవి. అన్నేళ్లలో కార్బ్‌లోని స్లైడ్ (యాక్సిలరేటర్ తిప్పితే పైకి లేచి గాలిదారి తెరిచే ముక్క), అది కదిలే గొట్టం రెండూ అరుగుతాయి. ఎయిర్ ఫిల్టర్ తీసి స్లైడ్‌ను వేలితో కదిపితే టకటకమంటుంది. ఆ సందులోంచి గాలి లాగుతుంటే ఏ జెట్ (పెట్రోలును కొలిచి వదిలే చిన్న రంధ్రపు ముక్క) వేసినా స్లో (యాక్సిలరేటర్ తిప్పకుండా ఇంజిన్ ఆడే వేగం) నిలవదు. కొందరు స్లైడ్ ఒక్కటే మారుస్తారు, గొట్టం అరిగాక అది దండగ. కాపీ కార్బ్‌లు సగం ధరకు వస్తాయి గానీ, వాటిలో జెట్ మీద నంబరు ఒకటి, రంధ్రం ఇంకొకటి.

బిగించే ముందు చూడాల్సింది కార్బ్‌ను ఇంజిన్‌కు కలిపే రబ్బరు మ్యానిఫోల్డ్. దాని లోపలి కొలత, కార్బ్ మూతి కొలత వెర్నియర్‌తో చూసుకోండి. వంచి చూస్తే లోపలి మడతలో వెంట్రుకంత పగులు కనిపిస్తుంది. కనిపిస్తే రెండూ మార్చేయాలి. క్లిప్ అతిగా బిగిస్తే కొత్త రబ్బరు కూడా ఏడాదిలో చీలుతుంది. బండి స్టార్ట్ చేసి స్లోలో ఉంచి ఆ అతుకుల చుట్టూ సబ్బునీళ్లు చిమ్మండి. ఇంజిన్ శబ్దం మారితే అక్కడ గాలి లాగుతోందన్నమాట. రబ్బర్లు బాగానే ఉండి కూడా ఎడమ సిలిండర్ ఒక్కటే వేడెక్కి రేజ్ (ఇంజిన్ వేగం) దిగకపోతే, అనుమానం ఎడమన ఆల్టర్నేటర్ వైపు క్రాంక్ సీల్ (ఇంజిన్ ఇరుసు చివర గాలి దూరకుండా ఆపే రబ్బరు చుట్టు) మీదికి పోవాలి. కుడి సీల్ పోతే గేర్ ఆయిల్ లోపలికి లాగి తెల్ల పొగ ఊదుతుంది. రెంటికీ కార్బ్‌తో సంబంధం లేదు. మెకానిక్ చెయ్యి మాత్రం ముందు కార్బ్ మీదికే పోతుంది!

కార్బ్ అడుగున పెట్రోలు నిలిచే ఫ్లోట్ చాంబర్ విప్పి కార్బ్‌ను తలకిందులుగా పట్టుకుంటే, ఫ్లోట్ ఆర్మ్ ప్యాకింగ్ అంచుకు సమాంతరంగా ఉండాలి. ఈ కొత్త రకంలో ఫ్లోట్లు చాంబర్ పిన్నుల మీద విడిగా తేలుతాయి, వంచి సర్దేది ఆర్మ్ నాలుక ఒక్కటే. స్లైడ్‌లో కోసిన వైపు ఎయిర్ ఫిల్టర్‌కేసి ఉండాలి. తిరగేసి పెట్టి కిక్ కొట్టీ కొట్టీ కాలు నొప్పి తెచ్చుకున్నవాళ్లు ఊళ్లో తక్కువేం లేరు.

ఇక సింక్, అంటే రెండు కార్బ్‌లూ ఒకేసారి, ఒకేలా తెరుచుకునేలా చేయడం. ఈ బండికి ప్రాణం ఇదే, జెట్లు తర్వాత. స్లో స్క్రూలు రెండూ వెనక్కి విప్పి, స్లైడ్లు అడుగుకు తాకేలా చేయండి. రెండు వేళ్లు రెండు కార్బ్‌ల మూతుల్లో పెట్టి, యాక్సిలరేటర్ మెల్లగా తిప్పించండి. రెండు స్లైడ్లూ ఒకే క్షణాన లేవాలి. ఒకటి ముందు లేస్తే ఆ కేబుల్ అడ్జస్టర్ లోపలికి తిప్పండి. తర్వాత ఫుల్ తిప్పి, స్లైడ్ల కింది అంచు రెండింటిలోనూ గొట్టం పైభాగానికి సమంగా ఉందో లేదో వేలితో తడమండి. పైన కలిసి కింద కలవకపోతే కేబుల్ ఒకటి సాగినట్టు, మార్చడమే. హ్యాండిల్ అటూ ఇటూ చివరిదాకా తిప్పినా రేజ్ పెరగకూడదు. కేబుల్ ముట్టుకున్నాక, ఇంజిన్‌కు ఆయిల్ అందించే పంప్ కేబుల్ కూడా చూడాలి. పుల్లీ గీత పిన్నుకు మాన్యువల్ చెప్పినట్టు కలవాలి. ఇది మర్చిపోతే ట్యూనింగ్ ఎంత బాగున్నా పిస్టన్ పట్టేస్తుంది.

స్పార్క్ ఇప్పించే పాయింట్ల గ్యాప్ 0.3 నుంచి 0.4 మి.మీ. మధ్యకు తెచ్చి, స్పార్క్ టైమింగ్ చూశాకే స్లోలో గాలి పాలు సర్దే ఎయిర్ స్క్రూ జోలికి వెళ్లండి. మొదట పూర్తిగా మూసి, ఒకటిన్నర చుట్లు విప్పండి. ఇంజిన్ బాగా వేడెక్కాక ఒక్కో సిలిండర్‌నూ విడిగా సర్దాలి. లోపలికి తిప్పితే పెట్రోలు పాలు ఎక్కువ, బయటికి తిప్పితే గాలి ఎక్కువ. రేజ్ ఎక్కడ గరిష్ఠమో అక్కడ ఆపి, స్లో స్క్రూతో నిమిషానికి 1200–1300 చుట్లకు దించండి. ముప్పావు చుట్టు లోపే గరిష్ఠం వస్తే పైలట్ జెట్ (స్లోలో పెట్రోలు ఇచ్చే చిన్న జెట్) ఒక సైజు పెంచాలి, రెండున్నర దాటితే తగ్గించాలి. సైలెన్సర్ల వెనక చేతులు రెండూ పెడితే ఊపిరి రెండు పక్కలా ఒకే బలంతో తగలాలి.

ఇరవై శాతం ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోలు వచ్చాక పాత సెట్టింగులు పనికిరావు. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండడానికి బరువులో సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి, ఈ20కి 13.5 చాలు. అంటే పాత జెట్‌తో బండి లీన్ (గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ) అయిపోతుంది. టూ స్ట్రోక్‌కు అది సీజ్‌కు, అంటే పిస్టన్ పట్టేయడానికి దారి. మెయిన్ జెట్ (ఫుల్ మీద పెట్రోలు ఇచ్చేది) ఒక సైజు పెంచి, నీడిల్ క్లిప్ (స్లైడ్‌లోని సూది ఎత్తును నిలిపేది) ఒక గాడి కిందికి దించితే ఈ బండికి సరిపోయింది. ఇంకొకరి జెట్ నంబరు మాత్రం నకలు కొట్టొద్దు. మికునీలోనే ఆరుపలకల జెట్ నంబర్లు, గుండ్రటి జెట్ నంబర్లు వేర్వేరు లెక్కలు. భీమిలి రోడ్డు ఖాళీగా ఉండే తెల్లవారుజామున, నాలుగో గేరులో ఫుల్ మీద ఉండగానే క్లచ్ పట్టి ఇంజిన్ ఆపేసి స్పార్క్ ప్లగ్ చూడండి. బీ8హెచ్‌ఎస్ ప్లగ్ మొన లేత ఇటుకరంగులో ఉంటే చాలు. తెల్లబడితే ఇంటికి మెల్లగా రండి.

అరకు సుమారు 900 మీటర్ల ఎత్తు. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి బండి గరగరమంటుంది, పికప్ తగ్గుతుంది. జెట్ మార్చక్కర్లేదు, నీడిల్ క్లిప్ ఒక గాడి పైకి పెడితే చాలు. కానీ కిందికి దిగే ముందు తిరిగి యథాస్థానానికి తేవాలి. దిగేటప్పుడు యాక్సిలరేటర్ మూసి గేర్ మీద జారుతుంటే పంప్ ఆయిల్ చాలా తక్కువ ఇస్తుంది, మలుపు మలుపుకీ ఒకసారి రేజ్ ఇస్తూ ఉండాలి.

ఊళ్లో అసలు శత్రువు పార్కింగ్. సముద్రం పక్క వీధుల్లో రెండు వారాలు కదలకుండా పెడితే చాంబర్ అడుగున తెల్లపొడి, పైలట్ జెట్ మీద ఆకుపచ్చ పొర. ఇథనాల్ తేమను లాగి పెట్టుకుంటుంది. వారం దాటి ఆపేటట్టయితే కింది పెద్ద నట్టు విప్పి పెట్రోలు దించేయండి; ట్యాప్ మూసి ఆరిపోయేదాకా నడిపితే అడుగున కొంత మిగిలిపోతుంది. పైలట్ జెట్‌లో తీగ దూర్చొద్దు, రంధ్రం పెద్దదవుతుంది. క్లీనర్, గాలి, అంతే.

నచ్చనిది ఒకటుంది. రెండూ ఒకే అచ్చు కార్బ్‌లు కావడంతో ఒకదాని స్క్రూలు రెండింటి మధ్య ఇరుకులోకి పోతాయి. వేడి ఇంజిన్ మీద పొట్టి స్క్రూడ్రైవర్‌తో తడుముకోవాలి, వేలు చుర్రుమనడం ఖాయం. చోక్ లివర్లూ రెండు. రెండోది ఆపడం మర్చిపోతే మొదటి సిగ్నల్ దగ్గరికే ఒక సైలెన్సర్ దట్టంగా పొగ ఊదుతుంది.