షేవింగ్ బ్రష్ ఆరాలంటే స్టాండు కొనాలా, రెండో బ్రష్ కొనాలా?

సబ్బు, బ్రష్‌తో గెడ్డం గీసుకునే మిత్రులు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఇది: "బ్రష్‌ను స్టాండుకు తలకిందులుగా వేలాడదీయాలా, మామూలుగా నిలబెట్టినా పర్వాలేదా?" ఈమధ్యే నేనూ ఇదే తేల్చుకోవాల్సి వచ్చింది. స్టాండు సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు రెండో బ్రష్ కొనుక్కోండి అన్నది నా మాట.

హైదరాబాద్‌లో ఉన్నన్నాళ్లూ ఒక్క పంది వెంట్రుకల బ్రష్‌తోనే ఏళ్ల తరబడి గడిపాను. పొద్దున వాడి కిటికీ గట్టు మీద పెడితే, ఎండాకాలంలో సాయంత్రానికల్లా ఎండుగడ్డిలా తయారయ్యేది. తర్వాత కాకినాడ వచ్చాం. అదే బ్రష్, అదే అలవాటు. శ్రావణం దాటేసరికి బ్రష్ తడపగానే ముక్కిన వాసన రావడం మొదలైంది. కుచ్చును రెండు వేళ్లతో విడదీసి చూస్తే వెంట్రుకల మొదళ్లలో నల్లటి చుక్కలు, వాటి చుట్టూ బంకలా పాత సబ్బు. దీపావళి నాటికి జిగురు వదిలేసి కుచ్చు మొత్తం పిడిలోంచి ఊడి చేతికొచ్చింది.

అప్పుడు ఒకే రకం బ్రష్‌లు రెండూ, ఒక స్టాండూ కొన్నాను. రెండింటినీ ఒకేలా తడిపి, ఒకేలా పిండి, ఒకదాన్ని వేలాడదీసి, రెండోదాన్ని పక్కనే నిలబెట్టాను. మర్నాడు పొద్దున చూస్తే కొసలు రెండింటికీ పొడిగానే ఉన్నాయి. మొదళ్లలో మాత్రం రెండింటికీ చెమ్మే. ఇది చూడటానికి చిన్న చిట్కా ఉంది: కుచ్చును విడదీసి మొదలు భాగాన్ని పై పెదవికి ఆనించండి. వేలికి తెలియని తడి పెదవికి చల్లగా తగులుతుంది.

ఎందుకిలా అంటే, బళ్లో చదువుకున్న కేశనాళికీయత గుర్తు చేసుకోండి. సన్నటి సందుల్లో చేరిన నీరు కిందికి జారకుండా అక్కడే పట్టుకుని ఉంటుంది. బ్రష్‌లో వెంట్రుకలు బాగా ఒత్తుగా ఉండేది జిగురు దగ్గరే, కాబట్టి చివరిదాకా నీరు నిలిచేదీ అక్కడే. గట్టిగా పిండి, నాలుగుసార్లు విదిలించాక ఇక కారడానికి నీళ్లంటూ మిగలవు, మిగిలిన తడి గాల్లోకి ఆవిరైపోవాల్సిందే. తలకిందులుగా పెట్టినంత మాత్రాన గాలి ఎక్కువ తగలదు. సముద్రం పక్క ఊళ్లలో వానాకాలం గాలే చెమ్మగా ఉంటుంది కాబట్టి ఆ తడి పోవడానికి ఒక రోజు చాలదు. ఆరడానికి దొరికే టైమును స్టాండు పెంచలేదు, రెండో బ్రష్ పెంచుతుంది. ఈరోజు ఇది, రేపు అది అని మార్చి వాడితే ఒక్కో దానికి 48 గంటలు దొరుకుతాయి. నా ఇంట్లో ఆ రెండో రోజుకే పెదవికి చల్లదనం తగలడం ఆగింది.

పంది వెంట్రుకలకు ఈ విరామం మరీ ముఖ్యం. అవి నీళ్లు పీల్చుకుని మెత్తబడతాయి, అందుకే గీసుకునే ముందు నానబెడతాం. వాడగా వాడగా కొసలు చీలి మృదువవుతాయి. ఎప్పుడూ తడిగానే ఉంటే ఆ మెత్తదనం రాకముందే మొదలు పాడైపోతుంది. బ్యాడ్జర్ (బొరియల్లో ఉండే ఒక జంతువు) వెంట్రుకలది ఇంకో తీరు. వాటి కుచ్చు ఒత్తుగా ఉండి బోలెడు నీటిని పట్టి ఉంచుతుంది. ఖరీదు కూడా ఎక్కువే కాబట్టి, ఒకే బ్యాడ్జర్‌ను రోజూ వాడి పాడుచేసుకోవడం నాకైతే మనసొప్పదు. దానికి తోడుగా ఒక చవక బ్రష్ పెట్టుకోండి.

అలాగని స్టాండు దండగ అనను. సరిగ్గా పిండని బ్రష్‌ను అలాగే నిలబెడితే నీళ్లు పిడి అంచుకు దిగి, చెక్క పిడి అయితే ఉబ్బి పగులుతుంది. స్టాండు ఉంటే ఆ బాధ తప్పుతుంది, సింకు మీది నీళ్లలో పిడి నానకుండానూ ఉంటుంది. హడావిడిగా ఆఫీసుకు పరుగెత్తేవాళ్లకు అది మంచిదే. బాత్రూంలో మాత్రం పెట్టకండి. ఇంట్లో వాళ్లందరి స్నానాల ఆవిరీ దానికే పడుతుంది.

సింథటిక్ బ్రష్‌కు ఈ టెన్షన్ ఏదీ లేదు. పోగు నీరు పీల్చదు, త్వరగా ఆరుతుంది, ఒక్కటే ఉన్నా గడుస్తుంది. గుర్రపు వెంట్రుకల బ్రష్‌ను పంది వెంట్రుకల దానిలాగే చూసుకోండి. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో సరిగ్గా శుద్ధి చేయని గుర్రపు వెంట్రుకల బ్రష్‌ల వల్ల సైనికులకు ఆంత్రాక్స్ సోకింది నిజమే. అది ముడిసరుకులోంచి వచ్చిన జబ్బు, ఆరబెట్టడంలో లోపం వల్ల వచ్చింది కాదు.

ఎలా పెట్టినా, ఎన్ని బ్రష్‌లున్నా, ముందు సబ్బు పోవాలి. మా బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. అది సబ్బుతో కలిసి వెంట్రుకల మొదళ్లలో తెల్లటి పొరలా పేరుకుంటుంది, ఆ పొరే చెమ్మను పట్టుకుంటుంది. గోరువెచ్చని నీళ్లతో నురగ ఆనవాలు లేకుండా కడిగి, చేత్తో పిండి, విదిలించి, పొడి తువ్వాలు మీద కొసల్ని అటూ ఇటూ రాస్తే కుచ్చు విచ్చుకుంటుంది. అలా విచ్చుకున్నాకే నీడపట్టున, గాలి ఆడేచోట పెట్టాలి. మూత ఉన్న డబ్బాలోనో అద్దం వెనక అలమరలోనో వద్దు, మిట్టమధ్యాహ్నం ఎండా వద్దు. నెలకోసారి గిన్నెడు నీళ్లలో చెంచా వెనిగర్ కలిపి, కుచ్చు కొద్ది నిమిషాలు ముంచి కడిగితే ఆ తెల్ల పొర వదులుతుంది.

ప్రస్తుతం నా కిటికీ గట్టు మీద రెండు పంది వెంట్రుకల బ్రష్‌లున్నాయి. ముసురు పట్టి నాలుగైదు రోజులు వదలకపోతే వాటిని అలాగే ఉంచి, సొరుగులోంచి సింథటిక్ తీస్తాను. స్టాండుకు ఇప్పుడు రేజర్ వేలాడుతోంది.