డిసెంబరులో పిల్లలతో, అత్తయ్యతో స్విట్జర్లాండ్: స్విస్ ట్రావెల్ పాస్ మాకెలా పనికొచ్చిందంటే

స్విస్ ట్రావెల్ పాస్ కొంటే డబ్బు మిగులుతుందా? యూరప్ వెళ్లొచ్చామని తెలిసిన దగ్గర్నుంచి నెల్లూరులో అందరూ నన్నడిగేది ఇదే. బ్యాంకులో పనిచేస్తాను కాబట్టి లెక్క కట్టి చెబుతానని వాళ్ల నమ్మకం. లెక్క కట్టాను. మిగిలింది కొంచెమే. అయినా చలికాలంలో పెద్దవాళ్లనీ పిల్లల్నీ వెంటబెట్టుకుని నాలుగైదు ఊళ్లు తిరగాలనుకునే వాళ్లకి ఈ పాస్ కొనమనే చెబుతాను. దానికి కారణం అక్కడి వాతావరణం.

ముందు పాస్ సంగతి. 3, 4, 6, 8, 15 రోజులకు ఇస్తారు. వరసగా వచ్చే రోజులే లెక్క, మధ్యలో ఒకరోజు ఒంట్లో బాగాలేక గదిలో పడుకుంటే ఆ రోజు పోయినట్టే. రైళ్లు, బస్సులు, ఊళ్లలో ట్రాములు, సరస్సుల్లో పడవలు, 500కు పైగా మ్యూజియాలు అన్నీ అందులోకే వస్తాయి. మేం సెకండ్ క్లాస్‌లో 8 రోజులది తీసుకున్నాం. ఆ సెకండ్ క్లాసే ఎంతో శుభ్రంగా ఉంటుంది, ఫస్ట్ క్లాస్‌కు డబ్బు పెట్టక్కర్లేదు. 6 నుంచి 16 ఏళ్ల లోపు పిల్లలకు, అమ్మ గానీ నాన్న గానీ వెంట ఉంటే, ఫ్యామిలీ కార్డు ఉచితంగా ఇస్తారు. అంతకంటే చిన్నపిల్లలకు టికెట్టే అక్కర్లేదు. మొదట్లో నేను కనుక్కున్న ఒక ఏజెంట్ ఈ ఉచిత కార్డుకు కూడా పిల్లాడికింత అని రేటు వేశారు. కడుపు మండింది. తెలియని వాళ్లు ఎంతమంది కట్టి ఉంటారో! పాస్ ఆన్‌లైన్‌లో మనమే కొనుక్కోవచ్చు, అప్పుడే పిల్లల కార్డు కూడా అడగాలి. ఫోన్‌లో కోడ్ చూపిస్తే చాలు, కానీ టికెట్ చెకింగ్‌కి వచ్చినవాళ్లు పాస్‌పోర్టు కూడా అడుగుతారు, చేతికందేలా పెట్టుకోండి.

ఇక వాతావరణం. స్విట్జర్లాండ్ అంటే తెల్లటి కొండలు, నీలి ఆకాశం అని ఫొటోలు చూసి వెళ్తాం. డిసెంబరులో జ్యూరిక్, లూసెర్న్ లాంటి కింది ఊళ్ల మీద పొగమంచు దుప్పటి కప్పేసి వరసగా రోజుల తరబడి అలాగే ఉండిపోతుంది. సూర్యుడు కనిపించడు, సరస్సుకు అవతలి ఒడ్డు కూడా కనిపించదు. ఇంత ఖర్చు పెట్టి వచ్చింది ఈ బూడిద రంగు చూడ్డానికా అని మనసు ఉసూరుమంటుంది. కానీ ఆ పొగమంచు చాలాసార్లు వెయ్యి మీటర్ల ఎత్తు లోపలే ఆగిపోతుంది. దాని పైన చక్కటి ఎండ.

జనం ఎక్కువగా వెళ్లే చాలా కొండల మీద వెబ్‌క్యామ్ ఉంటుంది. పొద్దున్నే అది చూసి ఆ రోజు ఎటు వెళ్లాలో నిర్ణయించుకోవాలి. లూసెర్న్‌లో మా గది కిటికీ లోంచి ఎదురు వీధి కూడా సరిగ్గా కనబడని ఒక పొద్దున, ఫోన్‌లో రిగి కొండ కెమెరా చూస్తే కళ్లు జిగేల్‌మనే ఎండ. ఆ రోజు అనుకున్న మ్యూజియం పక్కన పెట్టి ఆర్త్-గోల్డావ్ దాకా రైల్లో, అక్కడి నుంచి, పట్టాల మధ్య పళ్ల పట్టీని పట్టుకుని తిరిగే పళ్లచక్రంతో కొండెక్కే రైల్లో పైకి వెళ్లాం. 1871లో విట్స్‌నావ్ వైపు నుంచి మొదలైన ఈ రిగి రైలు యూరప్‌లోనే మొట్టమొదటి కొండ రైలు. ఆ ప్రయాణమంతా పాస్‌లోనే, పైసా అదనం లేదు. బండి పొగమంచును చీల్చుకుని ఒక్కసారిగా ఎండలోకి వచ్చింది. కింద ఊళ్లూ సరస్సులూ ఏవీ లేవు, మైపాడు ఒడ్డున నిలబడి సముద్రాన్ని చూస్తున్నట్టు తెల్లటి పొగమంచు, అందులోంచి ద్వీపాల్లా తేలిన కొండ కొసలు. అత్తయ్య కిటికీకి మొహం ఆనించి, "ఏందమ్మాయ్ ఇది, మబ్బులకి పైకొచ్చేశామా?" అన్నారు. మోకాళ్ల నొప్పులతో నెల్లూరులో మేడ మెట్లు కూడా ఎక్కని మనిషి, పైన బెంచీ మీద కూర్చుని ఎండ కాచుకుంటూ కిందికి రానన్నారు.

పాస్ అసలు విలువ నాకు అక్కడే అర్థమైంది. టికెట్లు ముందే కొనేసి ఉంటే ఆ పొద్దున మనసు మార్చుకోలేం. పోతే పోయిందని ఒక టికెట్ వదిలేసే స్తోమత అందరికీ ఉండదు కదా. పాస్ ఉంటే ఈ రైలు కాకపోతే తర్వాతి రైలు, ఈ ఊరు కాకపోతే ఇంకో ఊరు. చిన్నాడు దారిలో నిద్రపోతే దిగకుండా ఇంకో రెండు స్టేషన్లు పోనిచ్చిన రోజు కూడా ఉంది.

కొన్ని లోపాలు చెప్పాలి. యుంగ్‌ఫ్రావ్‌యోక్ అనే ఎత్తైన మంచు కనుమకు వెళ్లే రైలు పాస్‌లో లేదు. కింద ఉన్న గ్రిండెల్వాల్డ్ లేదా వెంగెన్ ఊళ్ల దాకా పాస్ పనిచేస్తుంది, అక్కడి నుంచి పైకి 25 శాతం తగ్గింపు మాత్రమే. మిగతా కుటుంబ ఖర్చు చూసుకుని ఆ టికెట్ కొనేటప్పుడు చెయ్యి వణుకుతుంది. 3,454 మీటర్ల ఎత్తు, గాలి పలచన, బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగే వెళ్లాలి. అత్తయ్యను నేను, పిల్లల్ని మా ఆయన తీసుకుని ఆ రోజు విడిపోయాం. మేమిద్దరం పాస్ మీదే మ్యూరెన్ వెళ్లాం. కార్లు తిరగని ఊరు, ఎదురుగా ఐగర్, మోంక్, యుంగ్‌ఫ్రావ్ మూడు శిఖరాలూ కనిపిస్తాయి. నన్నడిగితే పెద్దవాళ్లకు అదే నయం. గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ లాంటి పెద్ద అద్దాల రైళ్లకు పాస్ ఉన్నా సీటు రిజర్వేషన్ విడిగా కట్టాలి. అదే పట్టాల మీద మామూలు రైళ్లు కూడా నడుస్తాయి, వాటిల్లో పాస్ చాలు. పడవలు చలికాలంలో బాగా తగ్గిపోతాయి, వాటిని నమ్ముకుని పాస్ కొనొద్దు.

రైలు మారడానికి చాలాచోట్ల ఐదారు నిమిషాలే ఇస్తారు. మనిషికో పెట్టె, ఒక చెయ్యి ఖాళీగా ఉండేలా సర్దుకోవాలి. పెద్ద స్టేషన్లలో లాకర్లుంటాయి. స్విస్ రైల్వే వాళ్ల ఎస్‌బీబీ యాప్‌లో ప్లాట్‌ఫారం నంబరుతో పాటు, ప్లాట్‌ఫారం మీద రాసి ఉండే ఏ అక్షరం దగ్గర బోగీ ఆగుతుందో కూడా చూపిస్తుంది, ముందే అక్కడ నిలబడితే టెన్షన్ ఉండదు. కొన్ని దూరప్రయాణపు రెండంతస్తుల రైళ్లలో పిల్లలకు జారుడుబల్ల ఉన్న బోగీ ఉంటుంది. మావాళ్లు అందులోంచి బయటికి రావడానికి ఏడ్చారు.

డిసెంబరు చివర్లో తెల్లారేది ఎనిమిది దాటాక, సాయంత్రం ఐదు కాకముందే చీకటి. కొండలు పొద్దున, ఊళ్లు చీకటి పడ్డాక అని పెట్టుకోవాలి. ఒంటికి అంటుకునేది కాటన్ కాకుండా ఉన్నిదో పాలియెస్టర్ థర్మలో ఉండాలి, కాటన్ చెమట పీల్చి ఒళ్లు చల్లబరుస్తుంది. జాకెట్ కన్నా ముందు నీరు పట్టని, జారని బూట్లకు ఖర్చు పెట్టండి.

తిండికి, వంటగది ఉన్న అపార్ట్‌మెంట్లు తీసుకున్నాం. ఆదివారాలూ క్రిస్మస్ రోజూ షాపులు మూసేస్తారు, పెద్ద స్టేషన్లలోని కోప్, మిగ్రోస్ సూపర్‌మార్కెట్లు మాత్రం ఆదుకుంటాయి. కుళాయి నీళ్లు హాయిగా తాగొచ్చు. కారప్పొడులూ పచ్చళ్లూ తీసుకెళ్లండి గానీ, చుట్టాల కోసమని మన మలై కాజా, నెయ్యి పెట్టెలో పెట్టొద్దు. ఇక్కడి నుంచి పాల పదార్థాలు, మాంసం అక్కడికి తీసుకెళ్లడం నిషేధం.

మా అన్నయ్య వాళ్లు వచ్చే చలికాలం వెళ్తున్నారు. వాళ్లకు మాత్రం ఈ పాస్ వద్దని చెప్పాను. గ్రిండెల్వాల్డ్‌లోనే ఉండి, పిల్లలకు స్కీయింగ్ నేర్పించి, ఒక్కసారి యుంగ్‌ఫ్రావ్‌యోక్ చూసి వచ్చేద్దామని వాళ్ల ఆలోచన. అలాంటి వాళ్లకు హాఫ్ ఫేర్ కార్డు మేలు. నెల రోజులు చెల్లుతుంది, చాలా రైళ్లకూ పడవలకూ సగం ధర, యుంగ్‌ఫ్రావ్‌యోక్‌కు కూడా పాస్ ఇచ్చే 25 బదులు 50 శాతం తగ్గుతుంది. పిల్లలకు ఫ్యామిలీ కార్డు దానితో కూడా ఉచితమే. వదిన ఇప్పటికే రిగి వెబ్‌క్యామ్ రోజూ చూస్తోందట, కాబట్టి వాళ్లు ఒకచోటే కదలకుండా ఉంటారని నాకు నమ్మకం తగ్గుతోంది. ఊళ్లు మారాలనుకుంటే, టికెట్లు కొనేలోపు నాకు ఫోన్ చెయ్యమన్నాను, లెక్క మళ్లీ కట్టిస్తాను.