పూర్వపక్షం దగ్గర బోల్తా కొట్టే అర్థజాలం

ఏఐతో అర్థజాలం (పుస్తకంలో ఏ మాట దేనితో కలిసి వస్తుందో చూపే గీతల బొమ్మ) గీయించుకుని, బ్రహ్మసూత్రాలకు శంకరులు రాసిన శాంకరభాష్యం చదవడం మొదలుపెట్టి చాలాకాలమైంది. అందులో మాటకో చుక్క (నోడ్), మాటలు కలిసి వచ్చేకొద్దీ లావయ్యే గీత ఉంటాయి. అంతకు మించిన వివరాలు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను. నా కోపమంతా ఒక్కదాని మీదే. ఏ మాట ఎవరన్నారో దీనికి పట్టదు.

శాస్త్రగ్రంథం నడక వేరు. అధికరణానికి, అంటే ఒక విషయాన్ని తేల్చే సూత్రాల గుంపుకి, విషయం, సంశయం, పూర్వపక్షం (ఎదుటివాడి వాదం), సిద్ధాంతం (చివరికి తేల్చే మాట), సంగతి (ముందువెనకలతో పొందిక) అని అయిదు అంగాలు. ఎదుటివాడి వాదాన్ని వాడికంటే గట్టిగా నిలబెట్టి, ఆ తర్వాత పడగొడతారు శంకరులు. జాలమేమో ఏ మాటలు ఎన్నిసార్లు కలిసి వచ్చాయో లెక్క వేసుకుంటుంది. ఆయన ఎంత ఓపిగ్గా ఖండిస్తే, ఆ ఖండించిన మతం ఆయన నెత్తినే అంత గట్టిగా కూర్చుంటుంది.

ఈక్షత్యధికరణం తీసుకోండి, 1.1.5 నుంచి 1.1.11 దాకా ఏడు సూత్రాలు. సాంఖ్యులు చెప్పే ప్రధానం (జడమైన మూలప్రకృతి) జగత్తుకు కారణం కాదని తేల్చడానికే ఆ అధికరణం. తెలుగు అనువాదం ఎక్కించి గీయిస్తే, బొమ్మ మొత్తంలో అన్నిటికంటే లావు గీత 'ప్రధానం', 'జగత్కారణం' మధ్య పడింది. పేరు దాచి చూపిస్తే ఎవరైనా సాంఖ్యగ్రంథమే అనుకుంటారు.

విప్పి చూస్తే మొదటి దోషం స్టాప్‌వర్డ్ జాబితాలో కనపడింది. నేను వాడిన జాబితాలో 'కాదు', 'లేదు', 'కదా' అన్నీ పనికిరాని మాటల కిందే ఉన్నాయి, జాలం గీసేముందే ఊడ్చేస్తుంది. 'ప్రధానం జగత్కారణం కాదు'లో చివరి మాట ఎగిరిపోతే మిగిలేది సాంఖ్యమే! పైగా తెలుగులో నిషేధం వాక్యం చివర్న వస్తుంది, లేదా 'పొసగదు', 'చెల్లదు' అని క్రియలోనే ఇమిడిపోతుంది. అనువాదంలో అరపేజీ వాక్యాలు ఉంటాయి. వాటిని 500 టోకెన్ల (ఏఐ లెక్కలో మాట ముక్కల) చొప్పున కోస్తే వాదం ఒక ముక్కలో, 'చెల్లదు' ఇంకో ముక్కలో పడతాయి. ఆ తర్వాత జాలం గీసే గెఫీ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించేటప్పుడు ఒకే జంట మధ్య ఉన్న గీతలను ఏం చెయ్యాలన్న చోట 'సమ్' (కూడిక) ముందే ఎంచి ఉంటుంది. దాన్ని మార్చకపోతే పూర్వపక్షం గీత, సిద్ధాంతం గీత కూడుకుని ఒకటే అయిపోతాయి. అనువాదకుడు మామూలుగా వాడిన 'ప్రధానంగా' కూడా వచ్చి అదే నోడ్‌లో చేరిందనుకోండి, అది వేరే తలనొప్పి.

పనిచేసిన మందు ఇది. ముక్కలు టోకెన్ల లెక్కన కాకుండా అధికరణాల వారీగా కోయాలి. ప్రతి వాక్యానికీ 'పూ' లేదా 'సి' అని ఏఐ చేత గుర్తు పెట్టించాలి. ఆ పని అప్పజెప్పేటప్పుడు ముందరి మూడు వాక్యాలు కూడా ఇవ్వాలి, జవాబు ఒక్కోసారి ఒక్కోలా మారకుండా టెంపరేచర్ అనే సెట్టింగ్ సున్నా చెయ్యాలి, ఏ మాటను బట్టి ఆ గుర్తు పెట్టిందో ఎత్తి రాయమనాలి. అట్లాంటి మాట లేకపోతే 'తెలియదు' అని రాయమనాలి. మూలంలో ఎదుటివాడి శంకను తెలిపే 'నను', 'స్యాదేతత్', 'ఇతి చేత్' ఉన్నచోట, అనువాదంలో 'అంటావా?' అని ఉన్నచోట బాగానే పడుతుంది. చదివేవాళ్లకు తెలుస్తుందిలే అని అనువాదకుడు ఆ మాట మింగేసిన చోట తప్పుతుంది. ఆ తర్వాత పూ, సి రెండింటికీ వేర్వేరు పట్టికలు (సీఎస్‌వీ ఫైళ్లు), వేర్వేరు బొమ్మలు. ఎక్సెల్‌లో సేవ్ చేసేవాళ్లు సీఎస్‌వీ యూటీఎఫ్-8 ఎంచుకోండి, లేకపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలు అవుతుంది.

ఇట్లా విడదీశాక సి బొమ్మ చూస్తే ముచ్చటేసింది. 'బ్రహ్మం' నుంచి 'జగత్కారణం'కి పోయే దారులు దాదాపు అన్నీ 'ఈక్షణం' (చూడటం) మీదుగానే పోతున్నాయి, ఎన్ని దారులకు ఒక మాట నడుమ ఉందో చూసే బిట్వీన్‌నెస్ లెక్కలో అదే పైన ఉంది. అధికరణానికి ప్రాణం కూడా అదే కదా: సృష్టికి ముందు సత్తు అనే మూలతత్త్వం చూసిందని ఛాందోగ్యం చెబుతోంది, జడమైన ప్రధానం చూడజాలదు.

ఆ ముచ్చట తర్వాతి సూత్రం దగ్గరే కొంత తగ్గింది. 'గౌణశ్చేన్నాత్మశబ్దాత్'. తేజస్సు చూసింది, నీళ్లు చూశాయి అని కూడా శ్రుతిలో ఉంది, ఇదీ అట్లాంటి గౌణప్రయోగమే (మాటవరసకు అన్నదే) అనుకోవచ్చు కదా అని సాంఖ్యుడు మళ్లీ లేస్తాడు. అప్పటికే సిద్ధాంతం మొదలైంది కాబట్టి ఏఐ ఆ వాక్యాలన్నిటికీ సి వేసేసింది. 'ఈక్షణం', 'గౌణం' మధ్య గీత శంకరుల ఖాతాలో జమ అయింది. సిద్ధాంతం లోపల లేచే శంకకు మూడో గుర్తు పెట్టాలి, అది ఇప్పటికీ చేత్తో పెట్టుకోవాల్సిందే.

ఇదంతా బయటపడింది ఒక్క ఏర్పాటు వల్ల. ప్రతి గీతకూ దాని మూలవాక్యం, సూత్రసంఖ్య అంటించి ఉంచాను. అనుమానం వచ్చిన గీతను గెఫీలోని డేటా లేబొరేటరీ పట్టికలో వెతికితే వాక్యం ఎదురుగా ఉంటుంది. ఆ కాలమ్ లేని జాలాన్ని నేనైతే ముట్టుకోను. ఏఐ ఎత్తి రాసిన వాక్యం పాఠంలో అక్షరం పొల్లుపోకుండా ఉందో లేదో చిన్న పైథాన్ కోడ్‌తో వెతికించి, లేకపోతే గీత కొట్టేయించడానికీ అదే ఆధారం. వేదాంతం అనగానే ఏఐకి మాయ గుర్తొస్తుంది, ఆ ఊసే లేని చోట కూడా 'బ్రహ్మం', 'మాయ' మధ్య గీత తెచ్చి పెడుతుంది.

పాఠం తయారీలో అగచాట్లు మామూలే. యూనికోడ్ కాని అను ఫాంట్లలో కంపోజ్ చేసిన పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే పిచ్చిగీతలు వస్తాయి. పేజీలను 300 డీపీఐ బొమ్మలుగా మార్చి బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే టెసరాక్ట్‌తో చదివించాలి, ద ధ థ లు కలగాపులగం అవుతాయి, సరిచూసుకోవాలి. బ్రహ్మం, బ్రహ్మము, బ్రహ్మమునకు ఒకే నోడ్ అని పట్టిక రాసుకోవాలి, చతుర్ముఖ బ్రహ్మని మాత్రం అందులో కలపకూడదు.

నెల్లూరులో ఉండి తిక్కన జోలికి పోకపోతే ఎట్లా? శాంతిపర్వంలో మోక్షధర్మాల భాగం ఎక్కిస్తే వచ్చింది జాలం కాదు, చీమలపుట్ట. పద్యంలో మాటలు సంధితో కలిసిపోయి విడివడవు, వాక్యం పాదాలు దాటి పోతుంది. తాత్పర్యం మీద గీయిస్తే బొమ్మ కాస్త నిలబడింది గానీ, అందులో దొరికేది తాత్పర్యం రాసిన పండితుడే.

నా మటుకు నేను దీన్ని వదలను. సాఫ్ట్‌వేర్ ఉచితం, 8 జీబీ లాప్‌టాప్ చాలు, అనుమానం వస్తే మూలపేటలో భాష్యపాఠం చెప్పే పెద్దాయనను అడగొచ్చు. ఆ గౌణం గీత చూడగానే 'ఇది పూర్వపక్షం నాయనా' అన్నది ఆయనే. అట్లా చెప్పేవాళ్లు లేకుండా, అనువాదం ఒక్కటే ఆధారంగా చదివేవాళ్లకు దీన్ని వాడమనడానికి జంకుతున్నా. మొదలుపెట్టేవాళ్లు రెండో అధ్యాయం రెండో పాదంతో మాత్రం మొదలుపెట్టకండి. సాంఖ్యం, వైశేషికం, బౌద్ధం, జైనం, పాశుపతం, పాంచరాత్రం వరసగా వస్తాయి. అక్కడ పూ, సి గుర్తులు చాలవు, పూర్వపక్షి ఎవరో రాసే కాలమ్ ఇంకోటి కావాలి. బౌద్ధంలోనే బయటి వస్తువులు ఉన్నాయనే సర్వాస్తివాదికి ఒకటి, విజ్ఞానం ఒక్కటే ఉందనే విజ్ఞానవాదికి ఒకటి.