ఇంట్లో చిన్నపిల్లలుంటే ఫ్రీ డిష్ సరిపోతుందా? కొన్నేళ్లు వాడాక నా మాట

హన్మకొండలో మా డాబా మీద దూరదర్శన్ ఫ్రీ డిష్ పెట్టించి చాలా ఏళ్లయింది. పరకాల దగ్గర ఊళ్లో మా అత్తమ్మ వాళ్లింట్లోనూ అదే ఉంది. దీని గురించి అడిగేవాళ్లు మామూలుగా సినిమాలు ఎన్ని వస్తాయి, క్రికెట్ వస్తుందా అనే అడుగుతారు. నేను ప్రైమరీ స్కూల్ టీచర్ని, ఇద్దరు పిల్లల తల్లిని. కాబట్టి నేను చూసేది వేరే సంగతి. నెలనెలా డబ్బు కట్టకుండా చూసే ఈ ప్రభుత్వ టీవీలో ఎదిగే పిల్లలకు ఏం దొరుకుతుంది? ఇంతకాలం చూశాక నాకు గట్టిగా అనిపించిన మాట ముందే చెప్తాను. పిల్లల కార్యక్రమాలు ఎక్కడో మూలనున్న ప్రత్యేక ఛానల్లో కాదు, ఇంటిల్లిపాదీ చూసే మొదటి ఛానల్లోనే, రోజూ ఒకే టైముకు రావాలి.

పెట్టె సంగతి గబగబా చెప్పేస్తాను. ఇది 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైంది. డిష్‌కీ బాక్సుకీ ఒక్కసారి డబ్బు పెడితే చాలు, రీఛార్జి గొడవ లేదు. గట్టి వాన పడితే బొమ్మ ఆగిపోతుంది, వాన తగ్గాక వస్తుంది. మా వైపు కోతుల బెడద ఎక్కువ. అవి డిష్ పట్టుకుని ఊపితే, కొంచెం పక్కకు తిరిగినా సిగ్నల్ పోతుంది. బిగించేటప్పుడే గోడకు గట్టి బోల్టులు వేయించుకోండి. తెలుగులో దూరదర్శన్ ఛానళ్లు యాదగిరి, సప్తగిరి రెండూ వస్తాయి. ప్రైవేటు ఛానళ్లకు వేలంలో చోటిస్తారు, అందుకే వాటిలో హిందీవే ఎక్కువ. తెలుగు కార్టూన్ ఛానల్ మాత్రం మా పెట్టెలో నాకు కనబడలేదు.

నా చిన్నప్పుడు ఆదివారం పొద్దున వాడకట్టులో టీవీ ఉన్న ఇల్లు నిండిపోయేది. 1993లో మోగ్లీ కార్టూన్ హిందీలో వచ్చింది. 1997 సెప్టెంబరులో శక్తిమాన్ మొదలైంది. మాకు ఆ హిందీ సగమే అర్థమయ్యేది, అయినా ఎవరూ కదిలేవాళ్లు కాదు. ఆ కార్యక్రమాలన్నీ గొప్పవని నేను అనను. కానీ అవి ఎప్పుడొస్తాయో ఊళ్లో ప్రతి పిల్లకూ తెలుసు. పెద్దవాళ్లు వార్తలు చూసే ఛానల్లోనే వచ్చేవి. కాబట్టి మేం ఏం చూస్తున్నామో బాపుకు తెలుసు, అమ్మకు తెలుసు. నచ్చకపోతే అక్కడే మందలించేవాళ్లు, నచ్చితే వాళ్లూ కూర్చునేవాళ్లు. అంతకుముందు తరానికి రేడియోలో బాలానందం అట్లాగే ఉండేది. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, రేడియో అక్కయ్య కామేశ్వరి పేర్లు చెబితే మా అమ్మ వయసు వాళ్ల ముఖాలు ఇప్పటికీ వెలుగుతాయి.

టీవీకి కూడా పిల్లల విషయంలో పాత చరిత్రే ఉంది. 1975 ఆగస్టు నుంచి 1976 జులై వరకు అమెరికా ఉపగ్రహం సాయంతో సైట్ అనే ప్రయోగం నడిచింది. అప్పటి ఆంధ్రప్రదేశ్‌తో కలిపి 6 రాష్ట్రాల్లో 2400 పల్లెలకు టీవీ సెట్లు చేరాయి. పొద్దున గంటన్నర ప్రసారం బడిపిల్లల కోసమే కేటాయించారు, అందులో ఒక్కో భాషకు 22న్నర నిమిషాలు. ఆ తర్వాత ఇన్‌శాట్ ఉపగ్రహాల రోజుల్లో 5-8 ఏళ్ల వాళ్లకు వేరుగా, 9-11 ఏళ్ల వాళ్లకు వేరుగా కార్యక్రమాలు తీశారు. మన దగ్గర ఆ పని కోసం హైదరాబాద్‌లో ఒక సంస్థే పెట్టారు. ఊళ్లలో కరెంటు సరిగా లేని కాలంలోనే పిల్లల వయసు చూసి కార్యక్రమం తీయాలన్న ఆలోచన చేశారు. ఇవాళ దాని దగ్గర మనం ఎందుకు లేమో అర్థం కాదు.

మా పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు మేమూ కొన్నాళ్లు డబ్బు కట్టే కనెక్షన్ వాడాం. కార్టూన్ ఛానళ్లు చూశారు, నవ్వుకున్నారు, నేను వాటిని తిట్టను. వంట పూర్తయ్యేదాకా పిల్లలు ఒక చోట కూర్చోవడం ఎంత అవసరమో తల్లులందరికీ తెలుసు. కానీ ఆ ఛానళ్లకు మొదలూ లేదు, చివరా లేదు. ఒక ఎపిసోడ్ అయిపోగానే ఇంకోటి. మధ్యలో చాక్లెట్లు, చిప్స్, బొమ్మల యాడ్స్. ఇంట్లో పెద్దవాళ్లు ఆ గదిలోకే రారు. మా చిన్నోడు ఏం చూశాడని అడిగితే చెప్పలేకపోయేవాడు, టీవీ కట్టేస్తే మాత్రం ఏడ్చేవాడు. ఫ్రీ డిష్‌కు మారాక నాకు దొరికిన మొదటి మేలు ఇదే, ఆ గొడవ తగ్గింది. టీవీ మళ్లీ ముందు గదిలో అందరిదీ అయింది.

ఒకరోజు ఊళ్లో ఉన్నప్పుడు యాదగిరిలో ఒగ్గు కథ వచ్చింది. అది పిల్లల కోసం తీసింది కాదు. మా అత్తమ్మ చూస్తుంటే పిల్లలు పక్కన చేరారు. డోలు దెబ్బ మొదలవగానే చిన్నోడు లేచి నిలబడ్డాడు.

“నానమ్మా, గాయన ఎందుకు గట్ల ఎగురుతుండు?”

“మల్లన్న కథ చెప్తుండు బిడ్డా. మల్లన్నకు ఒక దిక్కు మేడలమ్మ, ఇంకో దిక్కు గొల్ల కేతమ్మ. ఐనవోలు జాతరకు పోయినప్పుడు చూడలేదా నువ్వు?”

అప్పటికి వాడు జాతరకు పోయి వచ్చాడు, పట్నాలు, అంటే దేవుడి ముందు రంగు పొడులతో నేల మీద వేసే ముగ్గులు, వేస్తుంటే చూశాడు. కానీ అక్కడి జనంలో వాడికి గుర్తున్నది బెలూన్లు, మిఠాయి మాత్రమే. టీవీలో కెమెరా దగ్గరికి పోయి ఒగ్గునూ, దాన్ని వాయించే చేతినీ చూపించింది. తాళాలు ఎప్పుడు పడుతున్నాయో, వెనక ఉన్నవాళ్లు కథకుడి మాటను ఎట్లా అందుకుంటున్నారో వాడు అప్పుడు చూశాడు. నానమ్మ మధ్యమధ్యలో అర్థం చెప్తూనే ఉంది. కొన్ని చోట్ల టీవీ కంటే ముందే కథ చెప్పేసింది. మా పాప వెళ్లి సీసాలోంచి పసుపు తెచ్చి, నేల మీద పట్నం గీస్తానంటే అత్తమ్మ వద్దనలేదు, పక్కన కూర్చుని గళ్లు చూపించింది. ఎన్ని కార్టూన్ ఛానళ్లు పెట్టినా నాకు ఇది దొరకలేదు.

కానీ ఆ కార్యక్రమం మళ్లీ ఎప్పుడొస్తుందో మాకు తెలియదు. నా పెద్ద కంప్లయింట్ ఇక్కడే. ఏ ప్రభుత్వ ఛానలైనా సరే, పిల్లలకు నచ్చేది ఒకటి దొరికితే దాని టైము పట్టుకోవడం కష్టం. ఒక వారం కనబడుతుంది. మరో వారం ఆ టైముకు సభో, ప్రత్యక్ష ప్రసారమో ఉంటుంది. పెద్దవాళ్లు సర్దుకుంటారు. ఏడేళ్ల పిల్లకు “ఇవాళ లేదు, ఎప్పుడో వస్తది” అని చెబితే రెండోసారి ఆ ఛానల్ అడగదు. మంచి కార్యక్రమం తీయడం ఎంత ముఖ్యమో దాన్ని ఒకే టైముకు వేయడం కూడా అంతే ముఖ్యం.

టైము పెట్టి చెబితే ఏమవుతుందో 2020లో నా కళ్లతో చూశాను. కరోనాకు బడులు మూతపడ్డాక, సెప్టెంబరు 1 నుంచి ప్రభుత్వ బడుల్లో 3 నుంచి 10వ తరగతి వరకు పిల్లలకు డిజిటల్ పాఠాలు యాదగిరిలోనూ, రాష్ట్ర ప్రభుత్వ విద్యా ఛానల్ టీ-శాట్‌లోనూ మొదలయ్యాయి. మేం టీచర్లం ఇంటింటికీ తిరిగి రాసుకున్నాం: టీవీ ఉన్న ఇల్లు, ఫోను ఉన్న ఇల్లు, రెండూ లేని ఇల్లు. లేనివాళ్లను పక్కింటివాళ్లకు అప్పజెప్పాం. ఏ తరగతికి ఏ టైమో కాగితం మీద రాసి గోడకు అతికించుకున్నారు. పాఠం వేగంగా పోయేది, అర్థం కాకపోతే ఆపి అడిగే వీలు లేదు. ఆ లోటు పెద్దదే, బడికి అది ఎప్పటికీ సాటి రాదు. అయినా నేను వెళ్లిన ఇళ్లలో ఒక మంచి సంగతి కనబడింది. నాలుగో తరగతి పిల్ల పాఠం చూస్తుంటే అంగన్‌వాడీ వయసు తమ్ముడు ఆమె ఒళ్లో ఉండేవాడు. నాయనమ్మ బియ్యం చేటతో అక్కడే కూర్చునేది. పత్తి చేనుకు మందు కొట్టడానికి బయల్దేరిన తండ్రి గడప దగ్గర ఆగి, భిన్నాల లెక్క కాసేపు విని, “మాకు గిట్ల ఎవరూ చెప్పలేదు మేడం” అన్నాడు. అది మొదటి ఛానల్ కాబట్టే అట్లా జరిగింది. రిమోట్‌లో ఎక్కడో వెతికి పెట్టే ఛానలైతే ఆ ఇంట్లో ఆ పిల్ల ఒక్కతే చూసేది, లేదా అసలు చూసేది కాదు.

ఇప్పుడు ఫ్రీ డిష్‌లో పీఎం ఈ-విద్య కింద తరగతుల వారీగా ఛానళ్లు ఉన్నాయి. నేను బడి పనికి వాడుకున్నాను, ఉపయోగమే. కానీ పాఠాలు వేరు, పిల్లల కార్యక్రమాలు వేరు. బడిలో పొద్దంతా కూర్చుని వచ్చిన పిల్లకు సాయంత్రం ఇంకో పాఠం పెట్టి “ఇదే నీ టీవీ” అంటే అన్యాయం. కథ కావాలి, పాట కావాలి, బొమ్మ చేయడం చూపించాలి, తన వయసు పిల్లలు మాట్లాడటం వినిపించాలి.

ప్రత్యేక ఛానల్ పెడితే సరిపోదా అని అడుగుతారు. బ్రిటన్‌లో బీబీసీ 2002లో పిల్లల కోసం రెండు ఛానళ్లు పెట్టింది. పదేళ్లకు, 2012 చివర్లో, దేశమంతా డిజిటల్‌కు మారాక తన మొదటి ఛానల్లోంచి పిల్లల కార్యక్రమాలు తీసేసింది. అప్పటికి ఆ రెండు ఛానళ్లు ప్రతి ఇంటికీ అందుతున్నాయి, వాటిలో యాడ్స్ లేవు, లైసెన్సు ఫీజు డబ్బుతో సొంతంగా కార్యక్రమాలు తీస్తున్నారు. అయినా నాకు ఆ పని నచ్చలేదు. తాతలూ అమ్మమ్మలూ పిల్లల కార్యక్రమాన్ని అనుకోకుండా చూసే అవకాశం దాంతో పోయింది. మన దగ్గరైతే అట్లాంటి తెలుగు ఛానలే లేదు. మొదటి ఛానల్లోనూ చోటు లేకపోతే మన పిల్లలు ఎక్కడికి పోవాలి? యూట్యూబ్‌కే పోతారు. పోతున్నారు.

ఇది నేను దయతో ఇవ్వమని అడిగేది కాదు. 1990 నాటి ప్రసార భారతి చట్టం 12వ సెక్షన్‌లో, పిల్లల ప్రయోజనాలు కాపాడటానికి ప్రత్యేక చర్యలు తీసుకోవడం దూరదర్శన్‌ను నడిపే ఆ సంస్థ లక్ష్యాల్లో ఒకటని రాసి ఉంది. చేతకాదని కూడా అనలేం. 2023 అక్టోబరులో స్వాతంత్ర్య పోరాట వీరుల మీద ‘భారత్ హైఁ హమ్’ అనే యానిమేషన్ సిరీస్ దూరదర్శన్‌లో తెలుగుతో సహా 12 భారతీయ భాషల్లో వచ్చింది. ఒక్కో ఎపిసోడ్ 11 నిమిషాలు. ఆ నిడివి పిల్లలకు సరిగ్గా సరిపోతుంది, మా పాప చివరిదాకా కదలకుండా చూసింది.

నేను అడిగేది రోజుకు అరగంట. సాయంత్రం 6 దాటాక, పిల్లలు ఆడుకుని కాళ్లు కడుక్కుని వచ్చే వేళ. ఆ అరగంటను ఏ సభ కోసమూ కదపొద్దు. అందులో ఏం వేయాలో వెతుక్కోనవసరం లేదు. చేర్యాల నకాశీ పటం విప్పుతూ కథ చెప్పించండి, ఆ పటం పుట్టిందే కథ చెప్పడానికి. రామప్ప గుడి గోపురానికి నీళ్లలో తేలే ఇటుకలు ఎందుకు వాడారో ఒక బకెట్ నీళ్లతో చూపించండి. పేరిణి నాట్యం నేర్చుకుంటున్న పిల్లల్ని చూపించండి. ములుగు నుంచి కోయ పిల్లలు, ఆదిలాబాద్ నుంచి గోండు పిల్లలు తమ భాషలో ఒక పాట పాడి, దాని అర్థం తామే చెప్పాలి. యాంకర్ మా పిల్లల్లాగే “ఎటు పోతున్నరు?” అని మాట్లాడాలి. డబ్బింగ్ కార్టూన్లు చూసి మా చిన్నోడు కొన్నాళ్లు నానమ్మతో కూడా పుస్తకం భాషలో మాట్లాడాడు. ఆమె వాడితో మాట్లాడటానికే వెనకాడింది, ఆ రోజులు నాకింకా బాధగానే ఉన్నాయి.

ఇక పెట్టించుకోవాలా అంటే, ఇంట్లో నానమ్మో తాతయ్యో ఉండి, సాయంత్రం ఒక టీవీ ముందు అందరూ కూర్చునే అలవాటుంటే తప్పకుండా పెట్టించుకోండి. పిల్లలు ఒంటరిగా ఉండే ఇల్లయితే వాళ్లకు తోచదు, ముందే చెప్తున్నాను. యాదగిరి, సప్తగిరి రెండింటినీ ఫేవరెట్ లిస్టులో పక్కపక్కనే పెట్టుకోండి. ఆదివారం పొద్దున, సెలవు రోజుల్లో జానపద కళలు, జాతరలు వస్తే పిల్లల్ని పిలిచి కూర్చోబెట్టండి. నచ్చింది కనబడితే దాని పేరు, టైము రాసిపెట్టుకుని, మళ్లీ వేయమని దూరదర్శన్ కేంద్రానికి ఉత్తరమో మెయిలో పంపండి. మా స్కూల్లో ఐదో తరగతి పిల్లలతో ఈ నెలలో అదే రాయించాను, అడ్రసు వాళ్లే రాశారు.