నెల్లూరులో ఇన్సూరెన్స్ డెస్కా, చెన్నైలో ఏఆర్ కాలింగా?

మెడికల్ బిల్లింగ్‌లో చేరదామనుకునే మన పిల్లలు రెండు వేరే ఉద్యోగాలను ఒకటే అనుకుంటున్నారు. ఒకటి నెల్లూరు పొగతోటలోనో ఒంగోలులోనో ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్క్. రెండోది చెన్నై వెళ్లి అమెరికా ఆసుపత్రుల తరఫున అక్కడి ఇన్సూరెన్స్ కంపెనీలకు రాత్రిళ్లు ఫోన్లు చేసే ఏఆర్ (అకౌంట్స్ రిసీవబుల్, అంటే రావాల్సిన బాకీ) కాలింగ్. చేసిన వైద్యానికి రావాల్సిన డబ్బు రాబట్టడమే రెండిట్లోనూ పని, కానీ బతుకు మాత్రం పూర్తిగా వేరు.

డెస్క్‌లో క్యాష్‌లెస్ కేసుకు ప్రీ-ఆథ్ (ముందస్తు అనుమతి కోరే దరఖాస్తు) పంపాలి, ఇన్సూరెన్స్ వాళ్ల నుంచి క్వెరీ వస్తే డాక్టర్ల వెంటపడి కేస్ షీట్లు, రిపోర్టులు తెచ్చి అప్‌లోడ్ చేయాలి. ఎన్టీఆర్ వైద్యసేవ (2007లో ఆరోగ్యశ్రీగా మొదలైంది) కేసులకైతే పద్ధతి ఇంకోలా ఉంటుంది. ప్రైవేటు పాలసీల్లో డిశ్చార్జ్ అడిగిన మూడు గంటల్లో తుది అనుమతి ఇవ్వాలని ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో చెప్పింది. అయినా ఆసుపత్రి లోపలే ఫైనల్ బిల్లు లేటైతే, ఉదయగిరికి చివరి బస్సు వెళ్లిపోతుందేమోనని ఎదురుగా నిలబడి అడిగే వాళ్లకు జవాబు చెప్పాల్సింది మీరే. జీతం తక్కువ, ఇల్లు మాత్రం దగ్గర.

ఏఆర్ కాలింగ్‌లో పేషెంట్ కనపడడు. న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదంటే మనకు వాళ్ల వేసవి టైంలో సాయంత్రం 6:30, చలికాలంలో 7:30, కాబట్టి నిద్ర మొత్తం పగటికి మారిపోతుంది. ఫోన్ చేసి, చాలాసేపు హోల్డ్‌లో ఉండి, మెంబర్ ఐడీ, వైద్యం జరిగిన తేదీ చెప్పి, డబ్బు ఎందుకు రాలేదో రాబట్టాలి. ఆ కారణం ఒక కోడ్ రూపంలో ఉంటుంది. సీఓ-16 అంటే క్లెయిమ్‌లో వివరం లోపించింది, సరిచేసి మళ్లీ పంపొచ్చు. సీఓ-29 అంటే గడువు దాటింది, మెడికేర్‌కైతే (అమెరికాలో ముఖ్యంగా వృద్ధులకు ఉండే ప్రభుత్వ ఇన్సూరెన్స్) ఆ గడువు వైద్యం జరిగిన రోజు నుంచి ఏడాది, మనం సమయానికే పంపామన్న రుజువు ఉంటేనే అప్పీలుకు బలం. పీఆర్-1 అయితే డిడక్టబుల్, అది పేషెంట్ కట్టాల్సిన వాటా, ఇన్సూరెన్స్ వాళ్లతో వాదించి లాభం లేదు. ఇలా కోడ్ చూడగానే తర్వాత ఏం చేయాలో తట్టడమే అసలు విద్య, అది వచ్చాక టీమ్ లీడ్, క్వాలిటీ వైపు దారి దొరుకుతుంది.

నా మాటైతే సూటిగా చెప్తాను. బీకామ్, బీఏ లాంటి డిగ్రీ ఉండి, రాత్రి మేలుకుంటే ఆరోగ్యం చెడని వాళ్లకు మొదటి రెండు మూడేళ్లు ఏఆర్ కాలింగే మేలు. ఇంగ్లిష్ గొప్పగా ఉండక్కర్లేదు, అవతలివాళ్లు చెప్పింది తప్పు లేకుండా నోట్స్ రాయగలిగితే చాలు. ఇంట్లో పెద్దవాళ్లను చూసుకోవాల్సిన వాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు డెస్క్‌కే వెళ్లండి, అందులో చిన్నతనమేమీ లేదు. బీఫార్మసీ, నర్సింగ్, ఫిజియోథెరపీ చదివినవాళ్లు మాత్రం ఈ రెండూ వదిలేసి మెడికల్ కోడింగ్ (రోగాన్ని, చేసిన వైద్యాన్ని బిల్లు కోసం కోడ్‌లుగా రాసే పని) వైపు చూడండి. అమెరికా కోడింగ్ సంస్థ ఏఏపీసీ వాళ్ల సీపీసీ సర్టిఫికెట్ పరీక్ష పాసైతే ఎక్కువగా పగటి ఉద్యోగమే దొరుకుతుంది.

ఉద్యోగం గ్యారంటీ అని ముందే వేలు అడిగే ట్రైనింగ్ సెంటర్లకు డబ్బు కట్టకండి. ఫ్రెషర్లను తీసుకుని తామే నేర్పించే కంపెనీలు చాలానే ఉన్నాయి, ముందు అక్కడ ఇంటర్వ్యూకి వెళ్లండి. బాండ్ ఎన్నేళ్లు, రాత్రి క్యాబ్ రూమ్ దాకా వస్తుందా, ఇన్సెంటివ్ టార్గెట్ ఎంత, ఇవన్నీ చేరకముందే రాతపూర్వకంగా తీసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించండి గానీ వాళ్ల దగ్గర వదిలి రాకండి.