బ్లీచ్ నీళ్లా, ఆల్కహాలా: పనిచోట దేన్ని దేనితో తుడవాలి?

2020 కరోనా లాక్‌డౌన్‌లోనూ నడిచిన పనిచోట్ల ఈ రెండు సీసాలూ పక్కపక్కనే ఉండేవి. రెండూ కరోనా వైరస్‌ను చంపేవే. ఒకదాని పని ఇంకోదానితో చేయిస్తేనే చిక్కు.

నేల, బాత్‌రూమ్ లాంటి పెద్ద జాగాకు బ్లీచ్ నీళ్లే సరి. 5 శాతం ద్రవ బ్లీచ్ 20 మిల్లీలీటర్లు తీసుకుని 980 మిల్లీలీటర్ల చన్నీళ్లలో కలిపితే 0.1 శాతం ద్రావణం వస్తుంది. వేడినీళ్లు వద్దు, బలం పోతుంది. ముందు సబ్బునీళ్లతో మురికి వదిలించాలి. లేకపోతే బ్లీచ్ శక్తంతా ఆ మురికికే ఖర్చైపోతుంది. చాలామంది పోసీ పోయగానే తుడిచేస్తారు. కనీసం 1 నిమిషం, వీలైతే 10 నిమిషాలు, ఆ చోటు తడిగా ఉండాలి. ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి. టాయిలెట్ కడిగే యాసిడ్‌తో గానీ, అమ్మోనియాతో గానీ కలిసిందా, విషవాయువు పుడుతుంది. శుభ్రం చేసేవాళ్ల చేతికి సీసా ఇచ్చేముందే దయచేసి ఈ మాట చెప్పండి. గ్లవ్స్ ఇవ్వండి, కిటికీలు తెరిపించండి.

బ్లీచ్ లోహాన్ని తినేస్తుంది. అందుకే కీబోర్డు, ఫోన్, హాజరు వేసే యంత్రం లాంటివాటికి 70 శాతం ఆల్కహాలే మేలు. 95 శాతం ఇంకా గట్టిగా పనిచేస్తుందనుకోవద్దు: అది త్వరగా ఆరిపోతుంది, పైగా వైరస్ ప్రోటీన్లను దెబ్బతీయడానికి కాస్త నీరూ కావాలి. యంత్రం ఆపి, గుడ్డను తడిపి తుడవాలి తప్ప నేరుగా స్ప్రే చేయకూడదు. ఆవిరికి నిప్పంటుకుంటుంది కాబట్టి నేలంతా ఆల్కహాల్‌తో తుడవడం, వెల్డింగ్ దగ్గర డబ్బా పెట్టడం ప్రమాదం.