నాలుగేళ్ల తర్వాత కోనసీమలో మళ్లీ అవే కొట్లు

ఈ సంక్రాంతికి నాలుగేళ్ల తర్వాత అమలాపురం దగ్గర మా అత్తగారి ఊరు వెళ్లాం. పండగకి రెండ్రోజులు ముందే బయల్దేరి, పెళ్లయిన కొత్తలో మామయ్యగారు మమ్మల్ని తిప్పిన కొట్లన్నీ మళ్లీ చుట్టి వచ్చాం. ఆయన ఇప్పుడు లేరు, కానీ ఎక్కడ ఏది ఎప్పుడు తినాలో ఆయన చెప్పినవన్నీ మా ఆవిడకి కంఠతా.

గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో తెల్లారేసరికి రాజమండ్రిలో దిగి, కారు మాట్లాడుకుని ధవళేశ్వరం బ్యారేజీ దాటి, లొల్ల దగ్గర కాలువ లాకుల వద్ద కాసేపు ఆగి ఆత్రేయపురం చేరాం. 2023లో ఇక్కడి పూతరేకులకి జీఐ ట్యాగ్, అంటే ఈ ఊరి సరుకన్న అధికారిక గుర్తింపు, వచ్చింది కదా, ఇప్పుడు ఎటు చూసినా బోర్డులే, చాక్లెట్‌వి, డ్రైఫ్రూట్‌వి కూడా. మేం మాత్రం పాత సందులోనే, ఇంట్లో రేకులు తీసే ఒక పెద్దావిడ దగ్గరికి వెళ్లాం. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట, పల్చటి బియ్యప్పిండి నీళ్లలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి లాగితే క్షణంలో రేకు పైకి లేస్తుంది, దాన్ని చిరగకుండా తీసి పక్కన పెట్టేలోపే మళ్లీ గుడ్డ పిండిలో ఉంటుంది. "ఆయ్, కూర్చోండి బాబూ, చుట్టి ఇస్తాను" అని తడిగుడ్డ మీద రేకులు పరిచి నెయ్యి, బెల్లంపొడి వేసి చేతిలో పెట్టింది. నా ఓటు ఎప్పటికీ బెల్లానికే. దార్లో హైవే పక్కన కొన్న డబ్బా మాత్రం పాత నెయ్యి వాసన, పిల్లలు కూడా ముట్టుకోలేదు. కొనేముందు ఒకటి రుచి చూపించమని అడగండి, మంచి కొట్టువాళ్లు కాదనరు.

మర్నాడు పొద్దున్నే అంబాజీపేటలో పొట్టిక్కలు. పనసాకులు పుల్లలతో కుట్టిన బుట్టల్లో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు, ఆకు విప్పగానే వచ్చే ఆ వాసన కోసమే నేను ఇంత దూరం వచ్చానంటే నమ్మండి. కొబ్బరి చట్నీ, కారప్పొడి నెయ్యి, అంతే చాలు. రుచి ఏం మారలేదు, చట్నీ కొంచెం పల్చబడింది. మూడోరోజు తొమ్మిదింటికి వెళ్తే అయిపోయాయన్నారు, మామయ్యగారు ఎనిమిదిలోపే అనేవారు మరి.

దిండిలో ఒక రాత్రి రిసార్ట్‌లో ఉన్నాం. గోదారి మీద సూర్యోదయం అద్భుతం, రూమ్ శుభ్రం, టిఫిన్ మాత్రం చల్లారిపోయిన ఇడ్లీ. వెళ్తే రూమ్ ఒక్కటే బుక్ చేసుకుని టిఫిన్‌కి బయటికి రండి.

మధ్యాహ్నం రోడ్డు పక్క హోటల్లో పులస చేపల పులుసు ఉందన్నారు. జనవరిలో పులసేంటండీ, వరద ఎర్రనీళ్లు వచ్చినప్పుడు కదా సముద్రం నుంచి గోదాట్లోకి ఎదురెక్కేది! తినకుండానే లేచొచ్చి, పక్క మెస్‌లో ములక్కాడ, జీడిపప్పు కూరతో భోంచేశాం, ఆ పూట మాకు అదే పండగ.

తిరిగొచ్చేటప్పుడు తాపేశ్వరం మడత కాజా రెండు కిలోలు. పొరల మధ్య దాకా పాకం పట్టి ఉంటుంది, కొరికితే కారదు. కాకినాడ గొట్టం కాజాలో పాకం లోపల నిండి ఉంటుంది, అది అక్కడే నిలబడి తినాలి, ఊరికి తీసుకెళ్లడానికైతే మడత కాజానే నయం. ఆగస్టులో పులస కోసం మళ్లీ వస్తామని అత్తయ్యగారికి మాటిచ్చి రైలెక్కాం.